మూకీల మహానటుడు లాన్ చేనీ

విక్టర్ హ్యూగో 1831 లో ప్రకటించిన నోత్రదాం నవలను చదివినవారెవ్వరును అందలి గంటలవానిని మరువజాలరు. పారిస్ నగరమునందలి నోత్రదాం ఆలయ గోపురమున గంటలు మ్రోగించు క్వాసిమోదో గూనివాడు, ఒంటికంటివాడు, కుంటివాడు. పసితనమున ఆలయమున విడువబడిన అనాథ. పదునాలుగేండ్ల ప్రాయమున గంటలు మ్రోగించు పని అతనికి లభించెను. ఆ మహాఘంటల నడుమ బ్రతుకుటచే అతని చెవులు పగిలినవి. ప్రాణముతో సమానముగా ప్రేమించిన గంటలే అతని వినికిడిని హరించినవి. లోకులు నవ్వుదురను భయముచే అతడు మాటలాడుటను సైతము చాలవరకు మానుకొనెను. పెంచిన మతగురువు క్లాద్ ఫ్రోలో అతనితో చేతిసైగలతోనే సంభాషించును.

ఆ నవలలో ఒక విచారణ ఘట్టము కలదు. ముద్దాయి క్వాసిమోదో చెవిటివాడు. పీఠముపై కూర్చున్న న్యాయాధికారియు చెవిటివాడే. తన చెవుడు బయటపడకుండుటకై ఆ న్యాయాధికారి ముద్దాయి ఉత్తరము చెప్పినట్లే భావించుకొని ప్రశ్న పిమ్మట ప్రశ్న వేయుచుండును. సభ యావత్తు నవ్వును. హ్యూగో ఆ నవ్వును మనకు చూపి, ఆ వెంటనే కొరడాదెబ్బలను చూపును. చెవిటితనమును లోకము ఎట్లు వేడుకగా చూచునో ఇంతకన్న స్పష్టముగా చెప్పిన ఘట్టములు అరుదు.

ఈ క్వాసిమోదో పాత్రను 1923 లో అమెరికా దేశమున నిర్మింపబడిన మూకీ చిత్రమున ధరించిన నటుడు లాన్ చేనీ. మాటలేని చిత్రమున చెవిటివాని పాత్ర ధరించిన ఈతడు చెవిటి తల్లిదండ్రుల కడుపున పుట్టిన బిడ్డ. ముఖమునకు వేసికొన్న రంగులను, వీపునకు కట్టుకొన్న గూనిని లోకము వేనోళ్ళ పొగడినది. ఆ రంగుల క్రిందనున్న విద్యను ఆయన ఏ నాటకశాలలోను నేర్వలేదు. తన యింటిలో తల్లి మంచము ప్రక్కన నేర్చెను.

లాన్ చేనీ 1883 ఏప్రిల్ 1 వ తేదీన కొలరాడో రాష్ట్రమునందలి కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు లియోనిడాస్. తండ్రి ఫ్రాంక్ చేనీ క్షురకవృత్తిచే జీవించువాడు. బాల్యముననే వినికిడి కోల్పోయినను చేతిపనియందలి నేర్పుచేతను, మంచితనముచేతను ఊరివారి ఆదరమును సంపాదించుకొనెను. తల్లి ఎమ్మా కూడ చెవిటిదే. ఆమె తండ్రి జొనాథన్ కెనెడీకి వినికిడి కలదు గాని ఆయన బిడ్డలలో ముగ్గురు చెవిటివారైరి. తన బిడ్డలవంటి బిడ్డలకు చదువు ఉండవలెనని తలచి ఆయన 1874 లో కొలరాడోలో బధిరుల పాఠశాలను నెలకొల్పెను. ఆరంభమున ఏడుగురే విద్యార్థులు. వారిలో ముగ్గురు ఆయన బిడ్డలే. నేటికిని ఆ పాఠశాల బధిరులకును, అంధులకును విద్య గరపుచున్నది. ఫ్రాంకును ఎమ్మాయు పరస్పరము పరిచితులై వివాహమాడినది ఆ పాఠశాల మూలముననే. వారి నలుగురు సంతానములో లాన్ రెండవవాడు.

లాన్ వినగలడు, మాటలాడగలడు. అయినను ఆ యింట మాటతో పని తక్కువ. ఆకలియైనను, దెబ్బ తగిలినను, ఆడుకొనుటకు పోవలెనన్నను తల్లిముందు నిలిచి చేతులతోను, కన్నులతోను చెప్పవలెను. గొంతెత్తి ఏడ్చినను తల్లి వినదు. బిడ్డ ముఖమును చూచినప్పుడే ఆమెకు తెలియును. కావున ఆ యింటి పిల్లలకు నడకకంటె ముందే ముఖము మాటలాడుట నేర్చినదనిన అతిశయోక్తి కాదు.

అతనికి తొమ్మిది పదియేండ్ల ప్రాయమున తల్లికి కీళ్ళవాతము ముదిరి మంచమున పడెను. లాన్ నాలుగవ తరగతితో చదువు మాని తల్లికి పరిచర్య చేయుటకు పూనుకొనెను. తండ్రి అంగడికి పోవలెను, అన్న పనికి పోవలెను, చెల్లెలును తమ్ముడును పసివారు. సుమారు మూడేండ్ల కాలము ఆమెను కనిపెట్టుకొని యుండినవాడు ఈ బాలుడే. వినికిడి లేని మనిషికి లోకము కంటిద్వారముననే లోనికి వచ్చును. మంచము పట్టినచో ఆ ద్వారమును సగము మూసికొనినట్లే. బాలుడు వీధిలోనికి పోయి అంగళ్ళకడ బేరమాడువారిని, కలహించుకొనువారిని, త్రాగి తూలువారిని, దర్పముగా నడచు పెద్దమనుష్యులను చూచి వచ్చును. సాయంకాలమున తల్లి యెదుట నిలిచి వారినందరిని ఒక్కొక్కరిగా నటించి చూపును. వారి నడక, మెడ త్రిప్పుట, చేయి విసరుట, కోపమున పెదవి బిగించుట – ఏదియు తప్పరాదు. తప్పినచో తల్లికి ఆ మనిషి ఎవరో తెలియదు. ఊరు ఊరంతయు ఆ చిన్న గదిలోనికి ఈ విధముగా వచ్చి పోవుచుండెను. తరువాతి కాలమున కోట్లకొలది జనులు చూచిన నటనకు తొలి ప్రేక్షకురాలు ఆ రోగిష్ఠి తల్లి.

పిమ్మట కొన్నియేండ్లు అతడు కుటుంబపోషణకై దొరికిన పనియెల్ల చేసెను. పైక్స్ శిఖరమును చూడవచ్చు యాత్రికులకు దారి చూపెను. గోడలకు అలంకార కాగితములు అతికించుట, తివాచీలు పరచుట నేర్చెను. అన్న జాన్ ఊరి నాటకశాలలో పనిచేయుచుండుటచే అచ్చట సామగ్రి మోయు కుర్రవాడుగా చేరెను. 1902 లో అన్నదమ్ములు కలసి ఒక సంగీత నాటకమును ప్రదర్శించిరి. అది మొదలు లాన్ సంచార నాటక సమాజములతో ఊరూర తిరుగసాగెను. ఆ సమాజములలో వేషగాడన్న వేషము వేయుటతో సరిపోదు. తెరలు కట్టవలెను, పెట్టెలు మోయవలెను, నృత్యము నేర్పవలెను, ఒక్కొక్కమారు భోజనము లేకయే తరువాతి ఊరికి పోవలెను. మన సురభి నాటక కుటుంబముల కష్టసుఖములను ఎరిగినవారికి ఈ బ్రతుకును వివరింపనక్కరలేదు.

ఓక్లహోమా ప్రాంతమున సంచరించుచుండగా క్లీవా క్రైటన్ అను గాయనితో అతనికి వివాహమయ్యెను. ఆమె మిక్కిలి చిన్నది. 1906 ఫిబ్రవరిలో వారికి కుమారుడు కలిగెను. వాని పేరు క్రైటన్. దంపతులిద్దరును రంగస్థలమునే నమ్ముకొనినవారు. రాబడి చాలదు, ఇల్లు నిలకడ లేదు, మనస్పర్థలు పెరిగినవి. 1913 ఏప్రిల్ లో లాస్ ఏంజిలిస్ నగరమున భర్త పనిచేయుచున్న నాటకశాలలోనే ఆమె విషము త్రాగెను. ప్రాణము దక్కినది గాని పాటకు ఆధారమైన గొంతు శాశ్వతముగ పాడయ్యెను. ఆ దాంపత్యము అంతటితో ముగిసెను. పత్రికలకెక్కిన ఆ అపవాదుచే నాటకశాలలు చేనీకి తలుపులు మూసినవి. ఇందు తప్పు ఎవ్వరిది ఎంత యనుట ఇన్నేండ్లకు తూచగల విషయము కాదు. ఏడేండ్ల బాలుడు మాత్రము ఇతరుల పోషణలో, బడుల వసతి గృహములలో పెరుగవలసినవాడయ్యెను.

నాటకరంగమున చోటు లేనివారు చలనచిత్రములలోనికి పోవుచుండిన కాలమది. యూనివర్సల్ సంస్థ కార్యశాలలో దినకూలికి నటులు కావలసియుండిరి. ఉదయమున ఒక చిత్రమున వృద్ధుడు, మధ్యాహ్నము వేరొక చిత్రమున దొంగ, సాయంకాలము గుంపులో ఒకడు – వేషము మార్చగలవానికి దినమున రెండు మూడు కూలులు దొరకును. చేనీ పెట్టెలో రంగులు, జుట్టు, మైనము ఎల్లప్పుడును సిద్ధముగ నుండెడివి. ఏ తరహా మనిషి కావలెనని యడిగినను కొన్ని నిమిషములలో ఆ మనిషియై వచ్చి నిలుచుండెను. ఆకలి నేర్పిన ఈ నైపుణ్యమునకే తరువాత లోకము వేయి ముఖముల నటుడను బిరుదమిచ్చినది. 1915 లో హేజెల్ హేస్టింగ్స్ అను ఆమెను వివాహమాడి, కుమారుని ఇంటికి తెచ్చుకొనెను. ఆమె సహనశీల. ఆయన శేషజీవితమంతయు ఆ సంసారము ఒడిదుడుకులు లేక సాగినది.

అయిదేండ్లలో వందకు మించిన చిన్న చిత్రములలో నటించి, వారమునకు నూటయిరువదియైదు డాలర్లు కోరగా, నీవు నూరు డాలర్లకు మించి విలువచేయవని అధికారి చెప్పి పంపెను. చేనీ ఆ కొలువు విడిచెను. కొన్ని నెలలు పని లేదు. 1918 లో విలియం ఎస్. హార్ట్ అను ప్రసిద్ధనటుడు తన చిత్రమున ప్రతినాయక పాత్రమిచ్చి నిలబెట్టెను. మరుసటి యేట జార్జి లోన్ టకర్ నిర్మించిన ది మిరకిల్ మాన్ చిత్రముతో చేనీ పేరు దేశమంతటను మారుమ్రోగెను. అందు ఆయనది కుంటివానిగా నటించి బిచ్చమెత్తు మోసగాని పాత్ర. కాలుసేతులు మెలిదిరిగి నేలపై ప్రాకుచు మహాత్ముని పాదములకడకు వచ్చి, జనులు చూచుచుండగా ఒక్కొక్క అవయవమును విప్పుకొని లేచి నిలుచును. అది మోసమని ప్రేక్షకులకు ముందే తెలియును. అంతలో గుంపులో నిజముగ కుంటివాడైన బాలుడు చంకకర్రలు పారవైచి నడచును. అప్పుడు మోసగాని ముఖమున కనబడు భీతియు ఆశ్చర్యమును ఆ చిత్రమునకు ప్రాణము. దురదృష్టవశమున ఆ చిత్రము నశించినది. నేడు మిగిలినది కొన్ని నిమిషముల ముక్క మాత్రమే. ఆ ముక్కయందు ఈ ఘట్టము ఉండుట అదృష్టము.

పిమ్మట ఆయనకు నవలలనుండి తీయబడిన చిత్రములే ఎక్కువగా వచ్చినవి. 1920 నాటి ది పెనాల్టీ చిత్రమున రెండు కాళ్ళును తెగిన దొంగలనాయకుని పాత్రకై కాళ్ళను వెనుకకు మడిచి కట్టించుకొని, మోకాళ్ళకు తోలు తొడుగులు తొడిగి నడచెను. రక్తప్రసారము ఆగిపోవుటచే కొలది నిమిషములకొకసారి కట్లు విప్పవలసివచ్చెడిది. స్టీవెన్సన్ నవల ట్రెజర్ ఐలండ్ చిత్రమున రెండు పాత్రలు ధరించెను. 1922 లో డికెన్సు నవల ఆలివర్ ట్విస్ట్ చిత్రమున పిల్లలకు జేబులు కత్తిరించుట నేర్పు ఫేగిన్ ముసలివాడయ్యెను. ఆ చిత్రము పోయినదని యందరును నిరాశ చేసికొనిన పిదప 1970 దశకమున యుగోస్లావియా దేశమున ఒక ప్రతి బయటపడినది.

నోత్రదాం నవలను చిత్రముగా తీయవలెనని చేనీ ఎన్నడో కోరుకొనెను. తన్ను నూరు డాలర్లకు మించి విలువచేయవన్న యూనివర్సల్ సంస్థయే 1922 చివర ఈ బృహత్కార్యమునకు పూనుకొని ఆయనను పిలిపించుకొనెను. సంస్థాధిపతి కార్ల్ లేమ్లే. కార్యభారము వహించి చిత్రమును భారీగా నిర్మింప పట్టుబట్టినవాడు ఇర్వింగ్ థాల్బర్గ్ అను యిరువదిమూడేండ్ల యువకుడు. దర్శకుడు వాలెస్ వర్స్‌లీ. కాలిఫోర్నియాలో కార్యశాల ఆవరణమున పారిస్ నగరపు వీధులను, ఆలయద్వారమును, దానిమీది శిల్పములను అచ్చముగ నిర్మించిరి. ద్వారముల పైభాగమువరకే పూర్తిప్రమాణమున కట్టి, పైగోపురములను నమూనాలతో కలిపి చూపిరి. రాత్రి దృశ్యములలో వేలమంది జనులు కాగడాలతో పరుగిడవలెను. బాకా గొట్టముతో దర్శకుని కేకలు వారికి వినబడవు గనుక విద్యుత్తుతో పనిచేయు ధ్వనివర్ధకములను తెప్పించి ఆజ్ఞలిచ్చిరి. మాటలేని చిత్రమును తీయుటకు ఇంత పెద్ద గొంతు కావలసివచ్చుట వింతయే. నిర్మాణము సుమారు ఆరు నెలలు సాగెను. వ్యయము పదిలక్షల డాలర్లు దాటెను.

వేషమునకై చేనీ హ్యూగో గ్రంథమునే ఎదుట పెట్టుకొనెను. క్వాసిమోదో ముక్కు, పెదవి, కనుబొమ, కంటిమీది పులిపిరి, వంకరకాళ్ళు – నవలాకారుడు వర్ణించిన ప్రతి లక్షణమును పట్టిక వ్రాసికొనినట్లు తన శరీరముపై దింపుకొనెను. ఒక కంటిని పూర్తిగ మూసి పైన మెత్తని ముద్దను అంటించెను. దవడలలో పనిముట్లు పెట్టి నోరు మూతపడకుండునట్లు చేసెను. ఈ అలంకరణమునకు దినమునకు మూడు గంటలకు పైగా పట్టెడిది. ఒకరి సాయము లేక తానే చేసికొనెడివాడు. వీపుమీది గూని డెబ్బది పౌనుల బరువని ఆనాటి ప్రకటనలు చాటినవి. తరువాత పరిశోధకులు పరిశీలింపగా దాని బరువు అందులో మూడవ వంతునకు మించదని తేలినది. అయినను దానిని తోలుపట్టెలతో భుజములకు బిగించి, నిటారుగా నిలువ వీలులేకుండ కట్టుకొని, గోడలు ప్రాకుట, గంటలపై ఊగుట సామాన్యమా? వ్యాపారులు బరువును మూడింతలు చేసి చెప్పుట అనవసరము.

బరువుకంటె గమనింపదగినది వేరొకటి. రాతిపీటపై కట్టబడి కొరడాదెబ్బలు తిన్న క్వాసిమోదో దాహమునకు నీరడుగును. జనులు నవ్వుదురు, రాళ్ళు రువ్వుదురు. ఎవ్వరికిని దయ రాదు. అప్పుడు జిప్సీ నర్తకి ఎస్మెరాల్డా మెట్లెక్కి వచ్చి నీరు త్రాగించును. ఆ సమయమున చేనీ ముఖమున సగభాగము మైనము, మూసిన కన్ను, కదలని పెదవులు. మిగిలినది ఒక్క కన్నే. ఆ ఒక్క కంటిలో దాహము, అనుమానము, సిగ్గు, కృతజ్ఞత ఒకదానివెంట ఒకటి వచ్చిపోవును. తెరమీద అక్షరములు అక్కరలేదు. తనవైపు చూచుచున్న ముఖములు ఏమనుచున్నవో వినబడని మనిషి వాటిని ఎట్లు చదువునో, ఎంత త్వరగా బెదరునో, ఎంత త్వరగా నమ్మునో చేనీ ఎరుగును. దానిని ఇంటిలో ప్రతిదినమును చూచినవాడు ఆయన. లోకులు తన తలిదండ్రులను చూచి నవ్విన సందర్భములును ఆయన కండ్లబడియే యుండును.

నవలాప్రియులకు ఈ చిత్రముపై ఫిర్యాదులు లేకపోలేదు. హ్యూగో నవలలో కథకంతటికిని మూలమైన పాపము మతగురువు ఫ్రోలోది. చిత్రమున మతగురువును పరమసాధువును చేసి, ఆ దుర్మార్గమంతయు అతని తమ్ముడు జెహాన్ తలపై మోపిరి. క్రైస్తవసంఘముల ఆగ్రహమునకు జంకి చేసిన మార్పిది. నవల చివర ఎస్మెరాల్డా ఉరితీయబడును. శవముల గుహలో ఆమె ప్రక్కన చేరి క్వాసిమోదో ప్రాణము విడుచును. చిత్రమున ఎస్మెరాల్డా బ్రతికి ప్రియునితో సుఖించును. క్వాసిమోదో కత్తిపోటుతో కూలుచు, తన చావుగంటను తానే మ్రోగించును. గురువు పాపమును తొలగించుటచే కథ వెన్నెముక వంగినదనుట నిజము. చివరి గంట మాత్రము నవలలో లేకున్నను చేనీ నటనచే సార్థకమైనది. 1923 సెప్టెంబరు 2 వ తేదీన న్యూయార్కులోని కార్నెగీ హాలున మొదటి ప్రదర్శనము జరిగినది. చిత్రమునకు అఖండ విజయము లభించెను. అసలైన ఆలయమును శిథిలావస్థనుండి కాపాడవలెనను తలంపుతో హ్యూగో ఆ నవలను వ్రాసెను. ఆయన గ్రంథము పుట్టించిన ఉత్సాహముచే 1840 దశకమున జీర్ణోద్ధరణము ఆరంభమైనది. 2019 ఏప్రిల్ లో అగ్నిప్రమాదమునకు గురియైన ఆ ఆలయము 2024 డిసెంబరులో మరల తెరువబడినది.

1925 లో గాస్టన్ లెరూ నవల ఆధారముగా వచ్చిన ది ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా చేనీ కీర్తికి శిఖరము. పారిస్ సంగీతశాల నేలమాళిగలలో దాగియుండు వికృతముఖుని కథ అది. ముసుగు తొలగించువరకు ఆ ముఖమెట్టిదో ప్రేక్షకులకు తెలియరాదని సంస్థవారు ముందుగా ఒక్క ఛాయాచిత్రమునైనను వెలువరింపలేదు. సన్నని తీగెలతో ముక్కుపుటములను వెనుకకు లాగి, కన్నుల క్రింద నల్లరంగు పూసి, బ్రతికియున్న కపాలమును ఆయన సృజించెను. దర్శకుడు రూపర్ట్ జూలియన్‌కును చేనీకిని మాటలు లేవు. ఛాయాగ్రాహకుడు ఇద్దరి నడుమ వార్తలు మోసెను. భయంకరమైన ఆ ముఖమును చూచి కథానాయిక కెవ్వున అరచునప్పుడు ప్రేక్షకులును అరచిరి. మరల చూచినప్పుడు ఆ వికృతముఖుని చేతులు ఎంత దీనముగ బ్రతిమాలుచున్నవో కనబడును.

చేనీ మద్యపు విందులకు, పత్రికలవారికి దూరముగ నుండెను. పని ముగిసిన పిదప కొండలలో చేపలు పట్టుకొనుచు కాలము గడపెడివాడు. కార్యశాలలోని వడ్రంగులు, దీపములు పట్టువారు ఆయనకు ఆప్తులు. యువనటులకు మేలు చేసినవాడు. తరువాత మహాతారయైన జోన్ క్రాఫర్డ్, 1927 లో ఆయనతో నటించుచు ఆయనను చూచియే నటన యననేమో తెలిసికొంటినని చెప్పెను. నేలమీద సాలీడు కనబడినచో త్రొక్కకుడు, అది చేనీ కావచ్చునని ఆనాటి అమెరికావారు హాస్యమాడుకొనిరి. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1929 నాటి పదునాలుగవ కూర్పునందు ముఖాలంకరణ విషయమును వ్రాయుటకు పండితులు ఆయననే కోరిరి. నాలుగవ తరగతితో బడి విడిచినవాని వ్రాత నేడును ఆ కూర్పును దాచిన గ్రంథాలయములలో ఉన్నది.

1927 లో చిత్రములకు మాట వచ్చెను. లోకము సంతోషించినది. మూకీల కాలమున బధిరులు తక్కినవారితో సమానముగ కూర్చుండి చిత్రమును చూచి నవ్విరి, ఏడ్చిరి. సంభాషణలు అక్షరములుగ తెరపై కనబడుచుండుటయే అందులకు కారణము. టాకీలతో ఆ అక్షరములు పోయినవి. బధిరులు ఒక్కమారుగ ఆ వేడుకనుండి వెలివేయబడిరి. ఆ నష్టమును గూర్చి ఆనాడు చింతించినవారు స్వల్పము. తండ్రి ఫ్రాంక్ చేనీ 1927 లోనే మరణించుటచే ఆ మార్పును చూడలేదు. లాన్ చేనీ మాత్రము టాకీలో నటించుటకు చాలకాలము సమ్మతింపలేదు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ముఖమునిచ్చిన తనకు ఒకే గొంతు ఎట్లు చాలునని ఆయన సందేహము. చివరకు 1925 నాటి తన మూకీ ది అన్‌హోలీ త్రీని 1930 లో టాకీగా తీయుటకు ఒప్పుకొని, అందు ముసలమ్మ, చిలుక, మాటలాడు బొమ్మ మున్నగువానికి అయిదు గొంతులు తానే పలికెను. అవన్నియు తన గొంతులేనని నోటరీ యెదుట ప్రమాణపత్రము వ్రాసియిచ్చెను. జనులు మెచ్చిరి. వేయి ముఖములవానికి వేయి గొంతులును కలవని పత్రికలు వ్రాసినవి.

అప్పటికే వ్యాధి ఆయనను పట్టుకొనియుండెను. 1929 లో థండర్ అను చిత్రమునకై చలిలో పనిచేయుచు న్యుమోనియాకు గురియయ్యెను. తరువాత అది క్యాన్సరని తేలినది. చికిత్సలు ఫలింపలేదు. చివరిదినములలో గొంతు పూర్తిగా మూగబోయినది. తాను చిన్ననాట తల్లితో మాటలాడిన చేతిసైగలతోనే భార్యతోను, మిత్రులతోను సంభాషించెను. 1930 ఆగస్టు 26 వ తేదీన లాస్ ఏంజిలిస్ లో నలువదియేడవ యేట మరణించెను. ఆయన మాటలాడిన ఏకైక చిత్రము విడుదలయై రెండు నెలలు నిండలేదు. మెరైన్ సైనికుల జీవితమును చిత్రించిన చిత్రమున ఆయన ప్రదర్శించిన నటనకు కృతజ్ఞతగా ఆ దళమువారు అంత్యక్రియలకు గౌరవరక్షకులను పంపిరి. కార్యశాలలలో పని ఆపి మౌనము పాటించిరి. గ్లెండేల్ శ్మశానవాటికలో తండ్రి సమాధి చెంత ఆయనను ఉంచిరి. ఆ సమాధిపై ఆయన పేరు చెక్కబడలేదు. తెలుగున తొలి టాకీ భక్త ప్రహ్లాద 1932 లో వెలువడునాటికి ఆయన గతించి ఏడాదిన్నర కావచ్చినది.

కుమారుడు నటుడగుట చేనీకి ఇష్టము లేదు. చేతిపని నేర్చి స్థిరముగ బ్రతుకవలెనని కోరి అట్లే చేయించెను. తండ్రి పోయిన పిమ్మట క్రైటన్ చిత్రములలో చేరెను. నిర్మాతలు పట్టుబట్టగా 1935 నుండి తండ్రి పేరునే ధరించి లాన్ చేనీ జూనియరయ్యెను. 1939 లో స్టైన్‌బెక్ నవల ఆఫ్ మైస్ అండ్ మెన్ చిత్రమున మందబుద్ధియైన లెన్నీ పాత్రలో మంచి పేరు తెచ్చుకొనెను. అయినను జీవితాంతమును తండ్రితో పోల్చబడుట అతనికి తప్పలేదు.

లాన్ చేనీ నటించిన చిత్రములు నూటయేబదికి పైన. వానిలో సగమునకు మించి నశించినవి. నోత్రదాం చిత్రపు అసలు నెగటివు ఏనాడో పోయినది. పెద్ద ప్రతులును మిగులలేదు. ఇండ్లలోను, పాఠశాలలలోను చూపుటకై అద్దెకిచ్చిన పదునారు మిల్లీమీటర్ల చిన్న ప్రతులే నిలిచినవి. నేడు మనకు కనబడునది వానినుండి తీసినదే. గీతలు పడి, అచ్చటచ్చట మసకబారియున్నను గంటలమీద ఊగు మనిషి స్పష్టముగనే కనబడును. ఆయన రంగులపెట్టె లాస్ ఏంజిలిస్ లోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రముగ నున్నది.